పైథాన్ సులభమైన భాష అని ఎవరన్నారు? ప్రోగ్రామింగ్ భాషల వ్యాసాల్లో తటస్థత గురించి

"పైథాన్ చాలా సులభమైన, ఎంతో శక్తివంతమైన, ప్రపంచంలోనే అత్యంత ప్రజాదరణ పొందిన ప్రోగ్రామింగ్ భాష."

విజ్ఞాన సర్వస్వం కోసం పైథాన్ మీద నేను మొదటిసారి రాసిన వ్యాసం ఇంచుమించు ఈ వాక్యంతోనే మొదలైంది. అబద్ధం రాశానని అప్పుడు అనిపించలేదు. రోజూ ఆ భాషలోనే పని చేస్తాను, అదంటే ఇష్టం, నాకు తెలిసిందే రాశాను. కొన్నాళ్ల తర్వాత మళ్లీ చదువుతుంటే ఒక్కో మాట దగ్గరా ఆగిపోయాను. సులభం అంటే ఎవరికి? శక్తి అంటే ఏమిటి? ప్రజాదరణను ఎవరు కొలిచారు, ఏ ఏడాది కొలిచారు? వీటిలో ఒక్కదానికీ ఆ వాక్యంలో జవాబు లేదు. రాసినవాడికి పైథాన్ ఇష్టమన్న సంగతి ఒక్కటే తెలుస్తోంది.

ఆ వాక్యం కొట్టేసి ఇలా రాశాను: "పైథాన్‌ను గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో రాయడం మొదలుపెట్టారు. తొలి విడుదల 1991 ఫిబ్రవరిలో వచ్చింది. ఇందులో కోడ్ బ్లాకులను కర్లీ బ్రాకెట్లతో కాకుండా ఇండెంటేషన్‌తో, అంటే వరుస మొదట వదిలే ఖాళీతో గుర్తిస్తారు. వేరియబుల్ ఏ టైపుదో, అంటే అందులో ఉండేది అంకెనా అక్షరాలా అన్నది, ముందే ప్రకటించనక్కర్లేదు." పొగడ్త ఒక్కటీ లేదు. కానీ ఈ నాలుగు వాక్యాలు చదివినవారు ఆ భాష తమకు సులభమో కాదో తామే ఒక అంచనాకు రాగలరు. బ్లాకు ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు ఒకటి ఉండాలనుకునేవారికి ఇండెంటేషన్ ఇబ్బంది అనిపించవచ్చు. టైపులు ముందే రాసుకోవడం అలవాటైనవారికి అవి లేకపోవడం టెన్షన్ పెట్టవచ్చు. ఆ నిర్ణయం వాళ్లది, నాది కాదు.

తటస్థంగా రాయడం అంటే ఇంతేనా అంటే, మొదటి మెట్టు ఇంతే. అసలు చిక్కులు ఆ తర్వాత మొదలవుతాయి.

సగం సగం పంచడం తటస్థత కాదు

2001లో మొదలైన వికీపీడియా మూడు మూల సూత్రాల మీద నిలబడింది: తటస్థ దృక్కోణం, రాసిన ప్రతి మాటనూ సరిచూసుకోగలిగే వీలు, సొంత పరిశోధనకు చోటివ్వకపోవడం. వీటిలో మొదటిదాన్ని చాలామంది పంచాయితీ తీర్పులా అర్థం చేసుకుంటారు. ఒక భాషకు మూడు మంచి మాటలు రాస్తే మూడు చెడ్డ మాటలు కూడా రాయాలి, అప్పుడు తక్కెడ సరిపోతుంది అనుకుంటారు. అలా రాస్తే తయారయ్యేది "ప్రయోజనాలు", "లోపాలు" అనే రెండు జాబితాలు. నా మట్టుకు నాకు, ప్రోగ్రామింగ్ భాషల వ్యాసాలకు ఇంతకంటే చేటు చేసిన అలవాటు మరొకటి లేదు. ఒక భాషలో లోపం అనిపించేదే చాలాసార్లు దాని ప్రయోజనం కూడా. సి భాషలో మెమరీని ప్రోగ్రామరే స్వయంగా కేటాయించి, పనయ్యాక స్వయంగా వదిలేయాలి. ఇది ఏ జాబితాలోకి వెళ్తుంది? ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవారికి అదే కావాలి. అదే చోట జరిగే పొరపాట్లు దశాబ్దాలుగా భద్రతా లోపాలకు దారి తీస్తున్నాయి. రెండు జాబితాలుగా విడగొట్టిన క్షణంలో ఈ ముడి తెగిపోతుంది, విషయం కూడా అక్కడే పోతుంది.

నిజానికి సూత్రం చెప్పేది వేరు. నమ్మదగిన, స్వతంత్రమైన మూలాలు ఒక అభిప్రాయానికి ఎంత బరువిచ్చాయో వ్యాసంలోనూ అంత బరువే ఉండాలి. అభిప్రాయాన్ని అభిప్రాయంగా, పేరు పెట్టి చెప్పాలి.

నల్ రిఫరెన్స్ (దేన్నీ సూచించని, ఖాళీ రిఫరెన్స్) సంగతే చూడండి. దాన్ని 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో పెట్టినవారు కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్. 2009లో ఒక సభలో మాట్లాడుతూ ఆయనే దాన్ని తన బిలియన్ డాలర్ల పొరపాటు అన్నారు. వ్యాసంలో దీన్ని ఎలా రాయాలి? "నల్ ఒక పెద్ద పొరపాటు" అని రాస్తే ఆ తీర్పు విజ్ఞాన సర్వస్వానిదైపోతుంది. వివాదం ఎందుకులే అని వదిలేస్తే, ఆ ఆలోచనకు మూలపురుషుడే చెప్పిన మాటను చదివేవారికి అందకుండా చేసినట్టు. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, దేని గురించి అన్నారు అనే మూడూ రాస్తే సరిపోతుంది.

మరో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా మాటల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. 1975లో ఆయన కోబాల్ మీద చాలా కటువుగా రాశారు. ఆ భాష వాడితే బుద్ధి కుంటుపడుతుందనీ, దాన్ని బోధించడాన్ని నేరంగా చూడాలనీ అన్నారు. చెప్పినవారు పెద్దవారు, మాట పదునైనది, అందుకే అందరూ ఎత్తి రాస్తారు. కానీ కోబాల్ చరిత్ర 1959లో ఒక కమిటీతో మొదలైంది. వ్యాపార లెక్కల కోసం పుట్టి దశాబ్దాల పాటు ఆ పని చేసింది. దాని వ్యాసంలో ఈ మాటకు ఒక వాక్యం దక్కాలి, ఒక విభాగం కాదు.

భాష వేరు, దాన్ని నడిపేది వేరు

"పైథాన్ నెమ్మది." "సి వేగం." "జావా బరువు." ఇలాంటి వాక్యాలన్నిటిలో ఒకే తికమక ఉంది. భాష అంటే కొన్ని నియమాలు. ఏ రాత చెల్లుతుందో, దాని అర్థమేమిటో అవి చెబుతాయి. నియమాలకు వేగం ఉండదు. ఆ నియమాల ప్రకారం కోడ్‌ను నడిపే కంపైలర్‌కో ఇంటర్‌ప్రెటర్‌కో ఉంటుంది. పైథాన్ కోడ్‌ను చాలామంది నడిపేది సీపైథాన్‌తో. అదే కోడ్‌ను పైపై అనే మరో ఇంప్లిమెంటేషన్‌తో నడిపితే, పదేపదే తిరిగే లూపుల్లో ఫలితం బాగా మారిపోవచ్చు. ఎందుకంటే అది కోడ్ నడుస్తుండగానే యంత్ర భాషలోకి మారుస్తుంది. లువా అనే భాషను నడిపే మామూలు ఇంటర్‌ప్రెటర్‌కూ లువాజిట్‌కూ మధ్యా ఇదే తేడా.

అలాగని "భాషకు వేగం ఉండదు కదా" అనే మాట చాటున దాక్కోవడం కూడా నిజాయితీ కాదు. వేరియబుల్ టైపు నడుస్తున్నప్పుడు గానీ తెలియని భాషకు వేగంగా నడిచే కంపైలర్ రాయడం కష్టం. ఆ కష్టం భాష రూపకల్పన నుంచే వస్తుంది. కాబట్టి రాయాల్సింది, ఏ ఇంప్లిమెంటేషన్, ఏ వెర్షన్, ఏ పని మీద కొలిచారు అని. వాటితో పాటు ఆ ఫలితానికి భాషలోని ఏ లక్షణం కారణమని మూలాలు చెబుతున్నాయో కూడా.

సంఖ్య ఉంటే తటస్థత దానంతటదే వస్తుందని ఒక నమ్మకం ఉంది. నాకూ ఉండేది. దాన్ని పోగొట్టింది ఒక పట్టిక.

2017లో పోర్చుగల్ పరిశోధకులు కొందరు 27 భాషల్లో రాసిన ప్రోగ్రాములు ఎంత విద్యుత్తు వాడుకుంటాయో కొలిచి ప్రచురించారు. కంప్యూటర్ లాంగ్వేజ్ బెంచ్‌మార్క్స్ గేమ్ అనే ప్రాజెక్టులో జనం రాసి పెట్టిన చిన్న చిన్న ప్రోగ్రాములను తీసుకున్నారు. ఫలితాల పట్టికలో సి విలువ 1. దాన్ని బట్టి మిగతావి: రస్ట్ 1.03, జావాస్క్రిప్ట్ 4.45, టైప్‌స్క్రిప్ట్ 21.50, పైథాన్ 75.88. ఈ పట్టిక లెక్కలేనన్ని వ్యాసాల్లోకి ఎక్కింది. పేరున్న సదస్సులో వచ్చింది, అంకెలు స్పష్టంగా ఉన్నాయి, ఇంకేం కావాలి?

మధ్యలో ఉన్న రెండు అంకెలు మళ్లీ చూడండి. టైప్‌స్క్రిప్ట్ అంటే జావాస్క్రిప్ట్‌కు టైపులు జోడించిన భాష. నడపడానికి ముందు దాని కంపైలర్ ఆ టైపులను తీసేసి మామూలు జావాస్క్రిప్ట్‌ను ఇస్తుంది. నడిచేది ఆ జావాస్క్రిప్టే, నడిపేది అదే తరహా ఇంజినే. మరి ఒకటి 4.45 దగ్గర, ఇంకొకటి 21.50 దగ్గర ఎలా ఉన్నాయి? భాషలో అంత తేడా ఉండే అవకాశం లేదు. తేడా ఉన్నది పరీక్షకు పెట్టిన ప్రోగ్రాముల్లో. ఒకే సమస్యను రెండు పేర్ల కింద వేర్వేరు మనుషులు వేర్వేరు పద్ధతుల్లో రాశారు. అంటే ఆ పట్టిక కొలిచింది భాషలను మాత్రమే కాదు, ఆ భాషల పేరుతో ఎవరో రాసిన కొన్ని ప్రోగ్రాములను.

ఇప్పుడు "టైప్‌స్క్రిప్ట్ జావాస్క్రిప్ట్ కంటే దాదాపు 5 రెట్లు ఎక్కువ విద్యుత్తు వాడుకుంటుంది" అని రాశామనుకోండి. వాక్యానికి మూలం ఉంది, అంకె తప్పు కాదు, విశేషణం ఒక్కటీ లేదు. అయినా చదివేవారికి తప్పుడు సంగతి చెప్పినట్టే. ఇక్కడ రాసేవారి చేతులు కట్టేసేది సొంత పరిశోధన కూడదన్న నియమం. పై పేరాలో నేను చేసిన తర్కాన్ని వ్యాసంలో నా అంతట నేను పెట్టలేను. అప్పుడు రెండే దారులు. ఆ పట్టిక పద్ధతిని పరిశీలించిన మరో ప్రచురిత మూలం దొరికితే రెండింటినీ కలిపి చెప్పడం. లేదా, ఏ ప్రోగ్రాములను ఎలా కొలిచారో చెప్పేంత చోటు లేనప్పుడు ఆ అంకెను వాడకపోవడం. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. అంకె ఎంత ఆకర్షణీయంగా ఉంటే దాని పద్ధతిని అంత వివరంగా చదవాలని నేర్చుకున్నాను.

ఇలాంటిదే మరొకటి. ఏ భాషలో రాస్తే బగ్గులు తక్కువ అనే ప్రశ్నకు 2014లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. కోడ్ పెట్టి పంచుకునే సైటు గిట్‌హబ్‌లోని 729 ప్రాజెక్టులు, 17 భాషలు. కొన్ని భాషల్లో లోపాలు తక్కువనీ, కొన్నిట్లో ఎక్కువనీ తేల్చింది. 2019లో వేరే పరిశోధకులు అదే డేటాతో ఆ పని మళ్లీ చేసి చూశారు. టైప్‌స్క్రిప్ట్ కింద లెక్కపెట్టిన ఫైళ్లలో చాలావరకు టైప్‌స్క్రిప్టే కాదు. అవి ప్రోగ్రాములోని మాటలను మనుషుల భాషల్లోకి మార్చి పెట్టుకునే అనువాద ఫైళ్లు. రెండింటికీ ఫైలు పేరు చివర టీఎస్ అనే ఉంటుంది, అంతే. ఇలాంటివన్నీ సరిచేశాక, లోపాలతో సంబంధం ఉందని మొదట చెప్పిన 11 భాషల్లో 4 మాత్రమే గణాంకపరంగా నిలబడ్డాయి. వాటిలోనూ ప్రభావం చాలా స్వల్పం. 2016లో మొదటి అధ్యయనం ఒక్కదాన్నే పెట్టి రాసినవారిని తప్పుపట్టలేం. ఇవాళ అదే పని చేస్తే మాత్రం అది పక్షపాతమే.

జనాదరణ లెక్కలు

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఒక్క 2024 చాలు. ఆ ఏడాది టియోబి అనే సంస్థ ఇచ్చే జనాదరణ సూచీలో మొదటి స్థానం పైథాన్‌ది. అదే ఏడాది ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో సర్వేలో ఎక్కువమంది వాడుతున్నామన్నది జావాస్క్రిప్ట్‌ను. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. టియోబి సెర్చ్ ఇంజిన్లలో ఆ భాష పేరుతో ఎన్ని ఫలితాలు వస్తాయో చూస్తుంది. స్టాక్ ఓవర్‌ఫ్లో తన సర్వేకు జవాబివ్వడానికి ఇష్టపడినవారి మాట చెబుతుంది. మూసిన తలుపుల వెనక ఏళ్ల తరబడి నడుస్తున్న కోడ్ ఈ రెండిట్లోనూ సరిగ్గా కనబడదు. అందుకే వ్యాసంలో "అత్యంత ప్రజాదరణ పొందిన" అనే మాటకు బదులు సూచీ పేరు, ఏడాది, అది దేన్ని లెక్కపెడుతుందో ఒక ముక్క ఉండాలి. ఈ మూడూ రాయడానికి ఓపిక లేకపోతే ఆ వాక్యమే మానేయవచ్చు, వ్యాసానికి వచ్చే నష్టం ఏమీ లేదు.

"మొదటి" అనే మాట కూడా ఈ కోవలోదే. మొదటి ఉన్నత స్థాయి భాష ఫోర్‌ట్రాన్ అని చాలాచోట్ల కనిపిస్తుంది. ఐబీఎంలో జాన్ బాకస్ బృందం దాన్ని 1957లో విడుదల చేసింది. కానీ కాన్రాడ్ జూసె 1940ల్లోనే ప్లాన్‌కాల్కుల్ అనే భాషను రూపొందించారు, అది మాత్రం ఆయన కాలంలో కంప్యూటర్ మీద నడవలేదు. 1952లో మాంచెస్టర్‌లో ఆటోకోడ్ అనే చిన్న వ్యవస్థ నడిచింది. రూపొందించినది మొదటిదా, నడిచినది మొదటిదా, విస్తృతంగా వాడుకలోకి వచ్చినది మొదటిదా అన్నది తేల్చకుండా ఈ కిరీటం ఎవరికీ పెట్టలేం.

మన క్రియల్లో దాగే తీర్పులు

తెలుగులో రాసేటప్పుడు ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. మన వాక్యానికి కర్త కనబడనక్కర్లేదు. "హాస్కెల్ నేర్చుకోవడం కష్టం అంటారు." ఎవరంటారు? వాక్యం నిండుగా వినిపిస్తుంది, వ్యాకరణం ఎక్కడా తప్పలేదు, కానీ చెప్పినవారు మాయమయ్యారు. "అంటారు", "భావిస్తారు", "పేరొందింది", "ప్రసిద్ధి చెందింది" అనే నాలుగు క్రియల చాటున ఎన్ని ఆధారం లేని మాటలైనా దాక్కోగలవు. నా వ్యాసాల్లో ఇవి కనబడగానే ముందుకు వెళ్లను. చెప్పినవారి పేరు దొరికితే పెడతాను, దొరకకపోతే వాక్యం తీసేస్తాను.

రెండోది చిన్న మాటల సంగతి. జెనెరిక్స్ అంటే ఒకే కోడ్‌ను వేర్వేరు టైపులకు వాడుకునే వీలు. వాటి గురించిన ఈ మూడు వాక్యాలు చూడండి.

"గో భాషలోకి ఎట్టకేలకు 2022లో జెనెరిక్స్ వచ్చాయి."

"గో పదేళ్ల పాటు జెనెరిక్స్ లేకుండానే నెట్టుకొచ్చింది."

"2022 మార్చిలో విడుదలైన గో 1.18తో భాషలో జెనెరిక్స్ చేరాయి."

మూడిటిలోనూ ఉన్నది ఒకే సంగతి. మొదటిదాంట్లో విసుగు ఉంది. రెండోదాంట్లో, రాసినవారి గొంతును బట్టి వెటకారమూ కావచ్చు, మెచ్చుకోలూ కావచ్చు. మూడోదాంట్లో సంగతి మాత్రమే ఉంది. "కేవలం", "ఎట్టకేలకు", "ఇప్పటికీ", "సైతం" వంటివి మాటల్లో ఎంత సహజమో, వ్యాసంలో అంత పక్షపాతం మోస్తాయి. "జావాస్క్రిప్ట్‌ను కేవలం 10 రోజుల్లో తయారు చేశారు" అన్న వాక్యం అందరికీ తెలిసిందే. 1995 మే నెలలో బ్రెండన్ ఐక్ 10 రోజుల్లో రాసింది తొలి ప్రోటోటైప్‌ను. భాషకు ప్రమాణాల సంస్థ ఎక్మా నుంచి ప్రమాణం వచ్చింది 1997 జూన్‌లో. "ప్రోటోటైప్" అనే మాట పెట్టి "కేవలం" అనే మాట తీసేస్తే, పొగడ్త, తెగడ్త రెండూ పోయి జరిగింది మిగులుతుంది.

సాంకేతిక పదాలు తటస్థమే కదా అనుకుంటాం, అవీ అన్నీ కావు. "స్ట్రాంగ్లీ టైప్డ్" అనే మాటకు అందరూ ఒప్పుకున్న నిర్వచనం లేదు. ఒకరు స్టాటిక్ (నడపకముందే టైపులు సరిచూడటం) అనే అర్థంలో వాడితే, మరొకరు ఒక టైపును ఇంకో టైపుగా గుట్టుచప్పుడు కాకుండా మార్చకపోవడం అనే అర్థంలో వాడతారు. అంకెకు, అక్షరాల వరుసకు (స్ట్రింగ్‌కు) మధ్య కూడిక గుర్తు పెడితే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది, జావాస్క్రిప్ట్ అంకెను అక్షరాలుగా మార్చి అతికిస్తుంది. ఈ ఒక్క వాక్యం ఆ ముద్ర కంటే ఎక్కువ చెబుతుంది, దాన్ని ఎవరూ కాదనలేరు.

రస్ట్ వ్యాసాలకు ఇదే కొలత పట్టాలి. ఆ భాష మీద ఇప్పుడున్న ఉత్సాహం చూస్తే "రస్ట్‌లో మెమరీ సమస్యలు రావు" అని రాసేయాలనిపిస్తుంది. సరిగ్గా చెప్పాలంటే, అన్‌సేఫ్ అని గుర్తు పెట్టని కోడ్‌లో, వదిలేసిన మెమరీని మళ్లీ వాడటం వంటి తప్పులను కంపైలర్ ఒప్పుకోదు. అన్‌సేఫ్ బ్లాకుల్లో ఆ బాధ్యత రాసేవారిది. మెమరీ లీకును (పనయ్యాక మెమరీ వదలకుండా ఉండిపోవడాన్ని) భాష ఆపుతానని హామీ ఇవ్వదు. అటు సి, సి ప్లస్ ప్లస్‌ల గురించి రాసేటప్పుడు 70 శాతం అనే అంకె తరచు వస్తుంది. ఏటా తాము సరిచేస్తున్న భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీకి సంబంధించినవేనని 2019లో మైక్రోసాఫ్ట్ చెప్పింది. అది ఆ సంస్థ భద్రతా లోపాల్లో 70 శాతం. అన్ని బగ్గుల్లో కాదు, ప్రపంచంలోని ప్రోగ్రాములన్నిటిలో కాదు. "దేనిలో" అనే మాట జారిపోతే శాతం ఎటైనా తిరుగుతుంది.

ఎవరి మాట దేనికి పనికొస్తుంది

భాష అధికారిక డాక్యుమెంటేషన్ విలువైన మూలమే. విడుదల తేదీకి, సింటాక్స్‌కు, కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పడానికి దానికంటే మంచిది లేదు. కానీ ఆ భాష మిగతా వాటికంటే మేలైనదని చెప్పడానికి అది పనికిరాదు. జూలియా భాషను 2012లో ప్రకటించినప్పుడు, సి అంత వేగం కావాలి, రూబీ అంత వెసులుబాటు కావాలి అని దాని రూపకర్తలు రాశారు. అది వారి లక్ష్యం. వ్యాసంలో లక్ష్యంగానే ఉండాలి. సాధించారా లేదా అన్నది బయటివారు కొలిచి చెప్పాలి.

అన్నిటికంటే మనసు నొప్పించేది కొత్త భాషల విషయం. ఒకరిద్దరు ఏళ్ల తరబడి కష్టపడి తయారుచేసిన భాష, లోపల చక్కటి ఆలోచన, చిన్నదే అయినా ప్రేమగా వాడుకునే సమూహం. కానీ దాని గురించి రాసినవారంతా దాన్ని తయారుచేసినవారే. అప్పుడు దానికి ఇంకా వ్యాసం రాయలేం. గిట్‌హబ్‌లో ఎన్ని నక్షత్రాలున్నా అవి మూలం కావు. ఇది ఆ భాష మీద తీర్పు కాదు. బయటివారి రాతలేవీ లేనప్పుడు వ్యాసంలో మిగిలేది దాని సొంత ప్రకటన మాత్రమే. అలాంటి వ్యాసాన్ని నేనే ఒకసారి రాసి, చర్చ జరిగాక తొలగింపుకు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజు బాధపడ్డాను, కానీ చర్చలో నాకు ఎదురు చెప్పినవారి మాటే సరైనది.

ఇక, ఎంత జాగ్రత్తగా రాసినా వాక్యాలు పాతబడతాయి. భాషలు మారుతూనే ఉంటాయి కాబట్టి, తేదీ లేని వాక్యం రాసిన నాడు నిజమై ఆ తర్వాత చడీచప్పుడు లేకుండా అబద్ధమైపోతుంది. నా పాత పైథాన్ వ్యాసంలో "పైథాన్‌లో రెండు థ్రెడ్లు (ఒక ప్రోగ్రాములో పక్కపక్కనే సాగే పనులు) నిజంగా ఒకేసారి నడవలేవు" అని ఉండేది. నిజానికి రాసిన నాటికే అది సగం తప్పు, ఎందుకంటే అది సీపైథాన్ సంగతి. జావా మీద నడిచే జైథాన్‌లో ఆ పరిమితి లేదు. ఇప్పుడు ఆ చోట ఇలా ఉంది: "సీపైథాన్‌లో, ఒక ప్రాసెస్‌లోని థ్రెడ్లలో ఒక సమయంలో ఒకటే పైథాన్ బైట్‌కోడ్‌ను నడిపేలా జీఐఎల్ అనే తాళం ఉంటుంది. 2024 అక్టోబరులో వచ్చిన 3.13 నుంచి ఈ తాళం లేకుండా నడిచే బిల్డ్ ప్రయోగాత్మకంగా అందుబాటులోకి వచ్చింది. 2025 అక్టోబరులో విడుదలైన 3.14లో దానికి అధికారిక మద్దతు లభించింది. ఆ వెర్షన్‌లో డిఫాల్ట్‌గా వచ్చే బిల్డ్‌లో మాత్రం తాళం ఉంది."